ఒక్క ఐసీతో సింథసైజర్: మొదటిసారి కట్టేవాళ్ల కోసం

(పరికరాన్ని బల్ల మీద పెట్టి, అక్కడికక్కడే వైర్లు గుచ్చి మోగిస్తూ చేసిన ప్రసంగమిది. శబ్దం వినిపించిన చోట్ల కుండలీకరణాల్లో సూచించాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో వినిపిస్తోందా? సరే. కాసేపయ్యాక వినిపించడం లేదన్న ఫిర్యాదు ఎలాగూ ఉండదు. ఈ బల్ల మీదున్నది మెత్తగా మాట్లాడే రకం కాదు.

సింథసైజర్ అనగానే చాలామందికి కీబోర్డు గుర్తొస్తుంది. తెల్లమెట్లు, నల్లమెట్లు, పైన బోలెడు బటన్లు. ఇవాళ నేను మెట్ల జోలికి వెళ్లను. మెట్టు నొక్కడమంటే ఏ స్వరం కావాలో చెప్పడం, అంతే. ఆ స్వరం పుట్టేది లోపల ఇంకోచోట. మనం కట్టేది ఆ లోపలి భాగాన్ని. దానికి కావలసిన సామాను మొత్తం ఇదిగో, ఈ చిన్న డబ్బాలో ఉంది. ఒక ఐసీ, అంటే సర్క్యూట్‌ని లోపల ఇమిడ్చుకున్న చిన్న చిప్పు. కరెంటుకి అడ్డుపడే గుప్పెడు రెసిస్టర్లు, కరెంటుని నింపుకుని వదిలే కెపాసిటర్లు, కొన్ని నాబ్‌లు, 9 వోల్టుల బ్యాటరీ, వైర్లు గుచ్చుకునే చిల్లుల పలక, అంటే ఒక బ్రెడ్‌బోర్డు. ప్రోగ్రామింగ్ లేదు. సోల్డరింగ్, అంటే లోహం కరిగించి అతికించడం, ఇప్పుడే అక్కర్లేదు. ఎలక్ట్రానిక్స్ చదువుకుని ఉండాలన్న నియమమూ లేదు.

మొదలుపెట్టే ముందు ఒక్క జాగ్రత్త. గోడలోని కరెంటు దీనికి వాడకండి. మొదట్లో అడాప్టర్ కూడా వద్దు, బ్యాటరీ చాలు. బ్యాటరీతో పొరపాటు జరిగితే ఒక ఐసీ పోతుంది, మనిషికేమీ కాదు. ఇంకో సంగతి, కొత్తగా కట్టిన సర్క్యూట్‌ని ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినొద్దు. ఇది ఎప్పుడు గుసగుసలాడుతుందో, ఎప్పుడు అరుస్తుందో ముందుగా తెలియదు.

సరే, అసలు విషయానికి వద్దాం. ఈ గంటసేపు నేను ఎన్ని చెప్పినా నిజానికి చెప్పేది ఒకటే. రెసిస్టర్ గుండా కెపాసిటర్ నిండటానికి కొంత సమయం పడుతుంది. సింథసైజర్ మొత్తం ఆ సమయం చుట్టూనే తిరుగుతుంది. స్వరం ఆ సమయంలోంచే వస్తుంది, లయ కూడా అందులోంచే వస్తుంది. నాదం పదునుగా ఉండాలా మొద్దుగా ఉండాలా, గంటలా మోగి ఆగాలా, వేణువులా మెల్లగా లేవాలా, అన్నీ దాని మీదే ఆధారపడతాయి. దీన్ని ఒకసారి పట్టుకుంటే ఎంత పెద్ద సింథసైజర్ బొమ్మ చూసినా కంగారు పుట్టదు.

ఇంటి మీద నీళ్ల ట్యాంకుకి ఆటోమేటిక్ స్విచ్ పెట్టిస్తారు కదా, దాన్ని ఒకసారి తలుచుకోండి. నీళ్లు పై గీతని తాకగానే మోటారు ఆగుతుంది. వాడుతూంటే మట్టం దిగుతుంది. అలాగని అంగుళం దిగగానే మోటారు మళ్లీ మొదలవదు, కింది గీత దాకా దిగాలి. రెండు గీతల మధ్య ఆ ఎడం ఉండబట్టే మోటారు క్షణానికోసారి కొట్టుకోకుండా నింపుతూ, ఆగుతూ పనిచేస్తుంది. మన ఐసీలోని గేటు, అంటే ఇన్‌పుట్ వోల్టేజ్‌ని బట్టి అవుట్‌పుట్‌ని పైకో కిందికో మార్చే చిన్న స్విచ్, కూడా ఇంతే. కెపాసిటర్‌లో వోల్టేజ్ పై గీత దాటితే గేటు అవుట్‌పుట్ సున్నాకి పడిపోతుంది. అప్పుడు కెపాసిటర్ అదే రెసిస్టర్ గుండా ఖాళీ అవడం మొదలుపెడుతుంది. కింది గీత తాకగానే అవుట్‌పుట్ మళ్లీ పైకి లేస్తుంది, కెపాసిటర్ మళ్లీ నిండుతుంది. 9 వోల్టుల బ్యాటరీ మీద పై గీత సుమారుగా 5 వోల్టులకు కాస్త పైన, కింది గీత మూడున్నర దగ్గర ఉంటాయి. ఐసీకీ ఐసీకీ కొంచెం తేడా ఉంటుంది. ఈ ఎక్కడం దిగడం ఎవరూ ఆపకపోతే బ్యాటరీ అయిపోయేదాకా సాగుతుంది. అవుట్‌పుట్‌ని చెవికి వినిపించేలా చేస్తే అదే శబ్దం.

ఇలా రెండు గీతలున్న గేటుని షిమిట్ ట్రిగ్గర్ అంటారు. ఓటో షిమిట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1934లో, ఇంకా విద్యార్థిగా ఉండగానే దీన్ని కనిపెట్టాడు. ఆయన అప్పుడు చదువుతున్నది సంగీతమూ కాదు, రేడియో కూడా కాదు. స్క్విడ్ అనే సముద్రజీవి నరాల్లో సంకేతం ఎలా ప్రయాణిస్తుందో చూస్తున్నాడు. నరం కూడా కొంత మేర దాటేదాకా ఊరుకుని, దాటగానే ఒక్కసారి స్పందిస్తుంది. ఆ గుణాన్ని వాక్యూమ్ ట్యూబులతో చేసి చూపించాడు. మన బల్ల మీద మోగబోయేదానికి మూలం అక్కడుంది.

ఇప్పుడు ఐసీ. దీని పేరు సీడీ 40106. పద్నాలుగు కాళ్లు, లోపల ఆరు షిమిట్ గేట్లు. అంటే ఒక్క ఐసీతో ఆరు ఆసిలేటర్లు, తమంతట తామే ఊగుతూ స్వరం పుట్టించే సర్క్యూట్లు, కట్టుకోవచ్చు. 74సీ14 దొరికినా అదే పని చేస్తుంది, కాళ్ల వరస కూడా అదే. 74హెచ్‌సీ14 అని ఇంకోటి ఉంటుంది, చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది, కాళ్ల వరసా అదే. కానీ అది 6 వోల్టులకు మించి తట్టుకోదు. 9 వోల్టుల బ్యాటరీ పెట్టారో, పోయినట్టే. ఐసీ మీద అక్షరాలు బాగా చిన్నవి కాబట్టి ఫోన్ కెమెరాతో పెద్దవి చేసి చదవండి.

చాలామంది 555 అనే టైమర్ ఐసీతో మొదలుపెట్టమంటారు. తప్పేం లేదు. హాన్స్ కామెన్‌జిండ్ 1971లో రూపొందించిన ఆ టైమర్ ఇప్పటికీ దొరుకుతుంది, ఎక్కడపడితే అక్కడ వాడతారు. ఎలక్ట్రానిక్స్ పుస్తకాల రచయిత ఫారెస్ట్ మిమ్స్ రెండు టైమర్లను గొలుసుగా కలిపి చేసిన ఒక చిన్న శబ్దయంత్రాన్ని 1980 ప్రాంతంలో ప్రచురించాడు. తర్వాతివాళ్లు దాన్నే అటారీ పంక్ కన్సోల్ అని పిలుచుకున్నారు. సరదాగా ఉంటుంది, కట్టి చూడండి. కానీ నేర్చుకోవడానికి నా ఓటు 40106కే. 555లో ఒక్క స్వరానికి రెండు రెసిస్టర్లు, ఒక కెపాసిటర్, ఎనిమిది కాళ్ల లెక్క. ఇక్కడ ఒక్క రెసిస్టర్, ఒక్క కెపాసిటర్. దేన్ని మార్చితే ఏం మారిందో చెవికి వెంటనే తెలుస్తుంది.

ఇక గుచ్చుదాం. కెమెరా కాస్త దగ్గరికి తీసుకోండి. బ్రెడ్‌బోర్డులో మధ్యన ఈ కాలువ ఉంది చూశారా, ఐసీ దీనికి అటో వరస, ఇటో వరస కాళ్లు పడేలా కూర్చోవాలి. కొత్త ఐసీ కాళ్లు కాస్త బయటికి వాలి ఉంటాయి. అలాగే నొక్కితే ఒక కాలు కింద మడతపడుతుంది, పైనుంచి చూస్తే కనబడదు కూడా. బల్ల మీద పక్కకి ఆనించి రెండు వరసలనూ కొంచెం లోపలికి వంచి, అప్పుడు గుచ్చండి. ఒక చివర చిన్న గాడి ఉంటుంది. అది ఎడమవైపు ఉండేలా పెడితే కింది వరసలో ఎడమ చివరది ఒకటో కాలు, కుడి చివరది ఏడు. అక్కడినుంచి పైకెక్కి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వస్తే ఒకటో కాలుకి సరిగ్గా ఎదురుగా పద్నాలుగు. పద్నాలుగు ప్లస్, ఏడు గ్రౌండ్, అంటే బ్యాటరీ మైనస్. ఈ రెండూ తిరగబడితే ఐసీ వేడెక్కుతుంది, తర్వాత పనిచేయదు. అందుకే బ్యాటరీ ఆఖరున.

ప్లస్‌కీ గ్రౌండ్‌కీ మధ్య, ఐసీకి వీలైనంత దగ్గరగా, 104 అని రాసున్న ఈ చిన్న బిళ్ల కెపాసిటర్ ఒకటి పెడుతున్నాను. 104 అంటే 0.1 మైక్రోఫారడ్, ఫారడ్ కెపాసిటర్‌కి కొలత. శబ్దంతో దీనికి పనిలేదు, ఐసీకి వచ్చే సరఫరా ఒడిదొడుకులు లేకుండా చూస్తుంది. చాలామంది దీన్ని మానేస్తారు. మానేస్తే ఏమవుతుందో కాసేపట్లో వినిపిస్తాను.

ఒకటో కాలు మొదటి గేటుకి ఇన్‌పుట్, రెండోది దాని అవుట్‌పుట్. ఇంకో 104 కెపాసిటర్ తీసుకుని ఒకటో కాలు నుంచి గ్రౌండ్‌కి. రెండో కాలు నుంచి ఒకటో కాలుకి రెసిస్టర్. ఆ రెసిస్టర్ చోట నాబ్, అంటే పొటెన్షియోమీటర్, పెడుతున్నాను. దీని విలువ 1 మెగా-ఓమ్, అంటే పది లక్షల ఓమ్‌లు. ఓమ్ నిరోధానికి కొలత. దీనికి మూడు కాళ్లు. మధ్యది, ఏదో ఒక చివరది, ఈ రెండు చాలు. నాబ్‌కి వరసలో ఒక 10 కిలో-ఓమ్ రెసిస్టర్, బ్రౌన్, బ్లాక్, ఆరెంజ్ గీతలున్నది. నాబ్ సున్నాకి వచ్చినప్పుడు స్వరం మరీ చెవి కోసేంత పైకి పోకుండా ఇది ఆపుతుంది. మిగిలిన ఐదు గేట్ల ఇన్‌పుట్‌లు మూడు, ఐదు, తొమ్మిది, పదకొండు, పదమూడు. వీటిని ప్రస్తుతానికి గ్రౌండ్‌కి కట్టేయండి. గాల్లో వదిలేస్తే అవి అటూ ఇటూ ఊగుతూ బ్యాటరీ తినేస్తాయి, అక్కర్లేని గోల తెస్తాయి.

వినడానికి మొదటిసారి పియెజో బిళ్ల, అంటే వోల్టేజ్ మారినప్పుడల్లా కదిలి శబ్దం చేసే పలచని బిళ్ల, చాలు. ఒక వైరు రెండో కాలుకి, ఇంకోటి గ్రౌండ్‌కి. మామూలు స్పీకర్ని నేరుగా తగిలించకండి, ఈ ఐసీకి దాన్ని కదిలించే బలం లేదు. ఇప్పుడు బ్యాటరీ.

(టక్… టక్… టక్… అని వేగంగా చిటికెల శబ్దం.)

నాబ్ ఆ చివర ఉంది, అంటే మొత్తం 1 మెగా-ఓమ్. దీనికో చిన్న లెక్కుంది. ఈ ఐసీతో సెకనుకి వచ్చే కంపనాలు సుమారుగా 1.2ని రెసిస్టర్, కెపాసిటర్ విలువల గుణకారంతో భాగిస్తే వస్తాయి. 1 మెగా-ఓమ్, 0.1 మైక్రోఫారడ్ అయితే సెకనుకి 12. మన చెవికి స్వరంగా తోచేది దాదాపు 20 హెర్ట్జ్, అంటే సెకనుకి 20 కంపనాల నుంచి. అంతకన్నా తక్కువైతే దెబ్బలుగా వినిపిస్తాయి. ఇప్పుడు మెల్లగా తిప్పుతాను. దెబ్బలు ఎక్కడ స్వరంగా మారతాయో మీరే చెప్పండి.

(చిటికెలు దగ్గరవుతాయి, బర్ర్‌మని మారి, క్రమంగా ఒక లోతైన స్వరంగా పైకి లేస్తుంది.)

చేతులెత్తిన సమయాలు చూశారా? అందరూ ఒక్కసారి ఎత్తలేదు. ఆ గీత గట్టిగా గీసింది కాదు, లయ ముగిసి శ్రుతి మొదలయ్యే చోట కొంత మసక ఉంది. ఈ నాబ్‌ని ఆ మసకలో నిలిపి వినడం నాకు ఇప్పటికీ ఇష్టం.

ఇప్పుడొక చిక్కు. నాబ్‌ని సగం దాకా తిప్పాను, ఎంత మారింది? 12 నుంచి 24కి, అంటే ఒక్క స్థాయి. స్థాయి పెరగడమంటే కంపనాలు రెట్టింపవడం కదా, అందుకు రెసిస్టర్ సగమవ్వాలి. మిగిలిన సగం తిప్పుడులో 24 నుంచి 1200 దాకా ఐదారు స్థాయిలు ఇరుక్కున్నాయి. చివర్లో వెంట్రుకవాసి కదిపితే స్వరం ఎగిరిపోతుంది. పాట వాయించాలంటే ఇది పనికిరాదు. సులువైన మందు, 1 మెగా తీసేసి 100 కిలో-ఓమ్ నాబ్ పెట్టడం. అప్పుడు నాబ్ మొత్తానికీ సుమారు 110 నుంచి 1200 దాకానే, చేతికి అందుబాటులో ఉంటుంది.

పెద్ద సింథసైజర్లు కట్టినవాళ్లకీ ఈ చిక్కే ఎదురైంది. 1964లో సింథసైజర్లు రూపొందించిన ఇంజినీరు రాబర్ట్ మోగ్, స్వరకర్త హెర్బర్ట్ డాయిచ్‌తో కలిసి పనిచేస్తూ, స్వరాన్ని నాబ్‌తో కాక వోల్టేజ్‌తో నడిపే పద్ధతి తెచ్చాడు. 1 వోల్టు పెరిగితే ఒక స్థాయి పెరగాలి, ఎక్కడినుంచి మొదలుపెట్టినా సరే. అందుకు ట్రాన్సిస్టర్‌కి ఉన్న ఒక గుణం పనికొచ్చింది. గది వేడిలో దాని బేస్ వోల్టేజ్ దాదాపు 18 మిల్లీవోల్టులు పెరిగితే కరెంటు రెట్టింపవుతుంది. స్థాయి లెక్క సహజంగానే అందులో ఉంది. కాకపోతే ఆ 18 అన్నది వేడిని బట్టి మారిపోతుంది. పాత అనలాగ్ సింథసైజర్లు వేదిక మీద దీపాల వేడికి శ్రుతి తప్పడానికి ఇదీ ఒక కారణమే. మన సర్క్యూట్‌లో ఆ హంగులేవీ లేవు, అది రెండో ఏడాది పాఠం.

నాబ్ పూర్తిగా తీసేస్తున్నాను. కెపాసిటర్ కూడా మారుస్తున్నాను, 104 తీసి 103, అంటే పదోవంతు. ఒకటి, రెండు కాళ్ల నుంచి రెండు ఉత్త వైర్లు బయటికి తెచ్చాను, చివర పావు అంగుళం తొక్క తీసి ఉంది. ఒకటి ఈ వేలితో, ఇంకోటి ఆ వేలితో పట్టుకుంటాను.

(సన్నగా వణికే స్వరం. వేళ్లు నొక్కినకొద్దీ పైకి జారుతుంది.)

ఇప్పుడు రెసిస్టర్ నా చర్మమే. గట్టిగా పట్టుకుంటే తగిలే మేర పెరుగుతుంది, నిరోధం తగ్గుతుంది, స్వరం పైకి పోతుంది. వేలు కాస్త అటూ ఇటూ ఊపితే, ఇదిగో, కంపితం. నాబ్‌తో ఎంత తిప్పలు పడ్డా రాని గమకం వేలితో చిటికెలో వస్తుంది. ముందు వరసలో ఇద్దరు రండి. చెరో వైరు పట్టుకుని, రెండో చేతులు కలపండి. (నవ్వులు. స్వరం మొదలవుతుంది.) చేతులు వదిలితే ఆగిపోతుంది. బ్యాటరీ మీద మాత్రమే ఈ ఆట, గోడ కరెంటుకి ఏ రకంగానైనా తగిలి ఉన్న పరికరంతో వద్దు.

సరే, కూర్చోండి. రెండో ఆసిలేటర్ కడదాం. మూడో కాలు ఇన్‌పుట్, నాలుగు అవుట్‌పుట్, సామాను అంతా మొదటిదానిలాగే. పాత నాబ్, పాత కెపాసిటర్ మళ్లీ పెట్టేశాను. రెండు అవుట్‌పుట్‌లనీ ఒకదానికొకటి నేరుగా కలపకూడదు, ఒకటి పైకి లాగుతుంటే ఇంకోటి కిందకి లాగుతుంది. చెరో 100 కిలో-ఓమ్ రెసిస్టర్ గుండా, బ్రౌన్, బ్లాక్, ఎల్లో, ఒక చోట కలపండి. ఆ చోటే మన మిక్సర్. ఇక పియెజో చాలదు కాబట్టి ఆంప్లిఫైయర్‌కి వెళ్తున్నాను. బయటి స్పీకర్‌కి పంపేటప్పుడు 9 వోల్టులు అలాగే పంపితే దాని ఇన్‌పుట్‌కి చాలా ఎక్కువ. మిక్సర్ చోటు నుంచి గ్రౌండ్‌కి ఒక 10 కిలో-ఓమ్ పెడితే ఒక్కో స్వరం ఒక వోల్టు లోపుకి దిగుతుంది. తర్వాత వరసలో 1 మైక్రోఫారడ్ కెపాసిటర్, అంతే. సొంతంగా ఆంప్లిఫైయర్ కట్టుకోవాలంటే ఎల్ఎం 386 ఉంది, ఎనిమిది కాళ్లది. అవుట్‌పుట్‌కి 220 మైక్రోఫారడ్ కెపాసిటర్ గుండా 8 ఓమ్‌ల స్పీకర్. దాని గురించి ఇంతకంటే చెప్పను, తయారుచేసినవాళ్లు ఇచ్చే డేటాషీట్‌లో ఉన్న బొమ్మ చూసి కట్టేయొచ్చు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, దానికి వేరే బ్యాటరీ పెట్టండి. ఒకే బ్యాటరీ అయితే స్పీకర్ గట్టిగా లాగినప్పుడల్లా వోల్టేజ్ కుంగి, ఆసిలేటర్ శ్రుతి కూడా కుంగుతుంది.

(రెండు స్వరాలు కలిసి మోగుతాయి.)

మొదటిది 220 దగ్గరుంది. రెండోదాన్ని మెల్లగా దగ్గరికి తెస్తున్నాను. వాఁవ్, వాఁవ్ అని ఊగుతోంది కదా. ఒకటి 220, ఇంకోటి 223 అయితే సెకనుకి మూడు ఊపులు. దగ్గరైనకొద్దీ ఊపు నెమ్మదిస్తుంది. తీగవాద్యం శ్రుతి చేసేవాళ్లు చెవితో పట్టుకునేది దీన్నే. ఇప్పుడు ఆ మొదట పెట్టిన 104ని, ఐసీ పక్కన ఊరికే ఉన్నట్టు కనబడిందే, దాన్ని లాగేస్తున్నాను.

(ఊపు ఒక్కసారిగా ఆగిపోయి, రెండు స్వరాలు ఒకటిగా అతుక్కుంటాయి.)

పట్టేసుకున్నాయి. ఒకే ఐసీలో, ఒకే సరఫరా మీద ఉన్న ఆసిలేటర్లు బాగా దగ్గరికొస్తే ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఒకటి మారినప్పుడల్లా సరఫరాలో చిన్న కుదుపు, ఆ కుదుపుకి రెండోది కూడా గీత దాటేస్తుంది. కెపాసిటర్ పెట్టినా పూర్తిగా పోదు గానీ చాలావరకు తగ్గుతుంది. కొందరు కావాలనే దీన్ని వాడుకుంటారు. మీకు నచ్చితే అలాగే ఉంచుకోండి.

మొదటిదాన్ని షడ్జమం అనుకుని రెండోదాన్ని పంచమానికి తెద్దాం. షడ్జమం 240 అనుకుంటే పంచమం 360, రెండుకి మూడు. మన లెక్కలో రెసిస్టర్లు 50 కిలో-ఓమ్, సుమారు 33 కిలో-ఓమ్. మల్టీమీటర్‌తో కొలిచి పెట్టడం కంటే చెవితో తేవడమే తొందరగా అవుతుంది. నమ్మకపోతే రెండూ చేసి చూడండి.

ఇక లయ. ఐదో కాలు, ఆరో కాలు, మూడో గేటు. ఇక్కడ కెపాసిటర్ 10 మైక్రోఫారడ్. ఇది ఎలక్ట్రోలైటిక్, పక్కన తెల్ల గీత ఉన్న కాలు గ్రౌండ్‌కి వెళ్లాలి, తిప్పి పెట్టకూడదు. 100 కిలో-ఓమ్ నాబ్, వరసలో 10 కిలో-ఓమ్. కెపాసిటర్ వందరెట్లు పెరిగింది కాబట్టి వేగం వందోవంతు, సెకనుకి ఒకటి నుంచి పన్నెండు దాకా. దీన్ని వినడానికి కాదు, మొదటి ఆసిలేటర్ని ఆపడానికీ వదలడానికీ వాడదాం. 1ఎన్4148 అనే చిన్న గాజు డయోడ్, అంటే కరెంటుని ఒక్క వైపే పోనిచ్చేది, నల్ల గీత ఉన్న వైపు ఆరో కాలుకి, రెండో వైపు ఒకటో కాలుకి. ఆరో కాలు కిందికి దిగినప్పుడల్లా ఒకటో కాలుని తనతో కిందకి లాగేస్తుంది, మొదటి కెపాసిటర్ నిండలేదు, స్వరం ఆగుతుంది. ఆరో కాలు లేవగానే మళ్లీ మోగుతుంది.

(షడ్జమం ఆగి ఆగి మోగుతూ, పంచమం వెనక నిలకడగా సాగుతుంది.)

ఇది చాలామందికి తెలిసిన శబ్దమే, పాత వీడియో గేముల్లో విన్నదే. మోటుగా ఉందంటారా, ఉంది మరి. ఎందుకంటే అవుట్‌పుట్ చతురస్రపు తరంగం, ఉంటే 9 వోల్టులు, లేకపోతే సున్నా, మధ్యలో ఏమీ లేదు. అందులో అసలు స్వరంతో పాటు దానికి మూడు రెట్లది మూడోవంతు బలంతో, ఐదు రెట్లది ఐదోవంతు బలంతో, అలా బేసి సంఖ్యలన్నీ ఉంటాయి. ఆ పై వాటిని తగ్గిస్తే శబ్దం మెత్తబడుతుంది. తగ్గించడానికి ఏం కావాలి? ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్. మిక్సర్ నుంచి వచ్చే దారిలో 10 కిలో-ఓమ్ నాబ్, దాని తర్వాత గ్రౌండ్‌కి ఒక 104. త్వరత్వరగా మారే వాటికి కెపాసిటర్ నిండే తీరిక దొరకదు, కాబట్టి అవి బయటికి రావు. నెమ్మదిగా మారేవి వస్తాయి. నాబ్ 1 కిలో-ఓమ్ దగ్గరుంటే దాదాపు 1,600 హెర్ట్జ్ నుంచి, 10 దగ్గరుంటే 160 నుంచే కోత మొదలవుతుంది. అంతకుముందు పెట్టిన రెసిస్టర్లు కూడా ఇందులో కలుస్తాయి కాబట్టి లెక్కకంటే బాగా కిందికే దిగుతుంది. మోగ్ ఫిల్టర్‌లో ఇలాంటివి నాలుగు అంచెలున్నాయి, మనది ఒక్కటే. ఆ నిండైన నాదం ఇందులో రాదు, ముందే చెబుతున్నాను.

(శబ్దం క్రమంగా గుండ్రంగా, మెత్తగా మారుతుంది.)

నాకు అన్నిటికంటే నచ్చే భాగం ఇప్పుడొస్తుంది. స్వరం ఠక్కున మొదలై ఠక్కున ఆగితే యంత్రంలా ఉంటుంది. మెల్లగా సద్దుమణిగితే ఎవరో వాయించినట్టు ఉంటుంది. ఇదిగో ఎల్ఈడీ, ఇదిగో ఎల్‌డీఆర్, అంటే వెలుగుని బట్టి విలువ మారే రెసిస్టర్. ఎల్‌డీఆర్ మీద వెలుగు పడితే నిరోధం వేల ఓమ్‌లకి దిగుతుంది, చీకట్లో మెగా-ఓమ్‌లకి పోతుంది. రెండిటినీ ఎదురెదురుగా పెట్టి నల్ల టేపు చుట్టేశాను. టేపు రెండు పొరలు చుట్టండి, ఒక్క పొరలోంచి గదిలో వెలుతురు దూరుతుంది. శబ్దం ఎల్‌డీఆర్ గుండా వెళ్లి, అవతల 10 కిలో-ఓమ్ మీద పడుతుంది. ఎల్ఈడీ వెలిగితే శబ్దం వస్తుంది, ఆరితే పోతుంది. వెలుగు పోయిన మరుక్షణమే ఎల్‌డీఆర్ పూర్తిగా చీకటి విలువకి చేరదు, కాస్త తాత్సారం చేస్తుంది. ఎలక్ట్రానిక్స్‌లో దీన్ని లోపమంటారు, ఇక్కడ అదే మనకి కావాలి. మోగ్ కాలంలోనే పని మొదలుపెట్టిన డాన్ బుక్లా తన యంత్రాల్లో ఇలాంటి జంటనే వాడాడు. తాళవాద్యంలాంటి ఆయన శబ్దాలకి పేరొచ్చింది దీనివల్లే.

బటన్‌తో నడుపుదాం. ప్లస్ నుంచి బటన్, తర్వాత 100 ఓమ్, అక్కడినుంచి గ్రౌండ్‌కి 470 మైక్రోఫారడ్. అదే చోటు నుంచి 1 కిలో-ఓమ్ గుండా ఎల్ఈడీకి. నొక్కితే కెపాసిటర్ గబుక్కున నిండుతుంది, వదిలితే ఎల్ఈడీ గుండా నిదానంగా ఖాళీ అవుతుంది.

(టంగ్… మ్మ్… అని స్వరం సన్నగిల్లుతుంది.)

100 ఓమ్ చోట 1 కిలో-ఓమ్ పెడితే లేవడం కూడా నెమ్మదిస్తుంది. 470కి బదులు 1000 పెడితే తోక పొడుగవుతుంది. సాయంత్రమంతా దీనితోనే గడపొచ్చు.

ప్రశ్నలుంటే అడగండి.

(శ్రోత: కట్టాను గానీ ఏమీ మోగకపోతే ఎక్కడ చూడాలి?)

ముందు మల్టీమీటర్ పెట్టి ఐసీ కాళ్ల మీదే, పద్నాలుగుకీ ఏడుకీ మధ్య, వోల్టేజ్ చూడండి. బ్యాటరీ దగ్గర కాదు. కొన్ని పొడుగు బ్రెడ్‌బోర్డుల్లో అంచున ఉండే ప్లస్, గ్రౌండ్ పట్టీలు మధ్యలో తెగి ఉంటాయి. ఎర్ర గీత మధ్యలో ఆగిందంటే పట్టీ కూడా ఆగినట్టే, ఒక వైరు ముక్కతో కలపాలి. అది బాగుంటే నాబ్ తీసి, ఆ చోట 100 కిలో-ఓమ్ రెసిస్టర్ ఒకటి నేరుగా పెట్టండి. మోగితే తప్పు నాబ్ వైర్లదే. మోగకపోతే అదే సామానుతో తొమ్మిదో కాలు ఇన్‌పుట్‌గా, ఎనిమిది అవుట్‌పుట్‌గా ప్రయత్నించండి. చూడండి, పై వరసలో క్రమం తిరగబడుతుంది, తొమ్మిది ఇన్‌పుట్, ఎనిమిది అవుట్‌పుట్. ఇక్కడ తడబడేవాళ్లు ఎక్కువ.

(శ్రోత: ఇదంతా ఆర్డ్యునో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డుతోనో కంప్యూటర్‌తోనో చేయొచ్చు కదండీ?)

చేయొచ్చు. శ్రుతి కచ్చితంగా ఉంటుంది, మెట్లు తగిలించుకోవచ్చు, 1983లో వచ్చిన మిడి పద్ధతితో మిగతా వాద్యాలతో మాట్లాడించవచ్చు. పాట కట్టడమే మీ పనైతే అటే వెళ్లండి, నేను ఆపను. కానీ అక్కడ 440 అని రాస్తే 440 వస్తుంది, ఎందుకొచ్చిందో చెవికి తెలిసే అవకాశం లేదు. ఇక్కడ వేలు పెట్టి ఆపితే ఆగుతుంది. నా ఉద్దేశంలో ముందు ఇది, తర్వాత అది.

(శ్రోత: బోర్డు మీద శాశ్వతంగా సోల్డర్ చేయాలంటే?)

బ్రెడ్‌బోర్డు మీద కొన్నాళ్లు వాడి, ఏ నాబ్ తరచుగా ముట్టుకుంటున్నారో ఏది అసలు ముట్టుకోవడం లేదో చూసుకున్నాక చేయండి. ఐసీని నేరుగా సోల్డర్ చేయకండి, పద్నాలుగు కాళ్ల సాకెట్ సోల్డర్ చేసి అందులో ఐసీ గుచ్చండి. కిటికీ తీసి ఉంచండి, ఆ పొగ పీల్చొద్దు.

(శ్రోత: ఇంకా మూడు గేట్లు మిగిలాయి కదా, వాటితో ఏం చేయాలి?)

ఒకదానితో ఇంకో నెమ్మది ఆసిలేటర్ కట్టి, ఇంకో డయోడ్‌తో రెండో స్వరాన్ని ఆపండి. రెండు లయలు వేర్వేరు వేగాల్లో నడుస్తుంటే ఎప్పుడు కలుస్తాయో ఎప్పుడు విడిపోతాయో ఊహించడం కష్టం, వినడానికి బాగుంటుంది. ఇంకోదానికి నాబ్ బదులు ఎల్‌డీఆర్ పెట్టి పైన చేతి నీడ ఆడించండి. ఆరోది ఇప్పటికి గ్రౌండ్‌కే ఉండనివ్వండి. బల్ల మీద నాలుగు బోర్డులు సిద్ధంగా ఉన్నాయి, సామాను డబ్బాల్లో ఉంది. బ్యాటరీ క్లిప్పు మాత్రం నేను చూశాకే తగిలించండి.